రోకాస్పీనాలో పుట్టిన పిల్ల

లోరెదానాకి ఉమ్మనీరు పోయింది మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి, కొట్లో జున్ను కోస్తుండగా. కోయించుకుంటున్నది ఎర్సీలియా.

"పిన్నీ," అంది లోరెదానా, కత్తి జాగ్రత్తగా పక్కన పెట్టి. "కిందంతా తడిసిపోయింది."

"జున్ను సంగతి వదిలెయ్. చెయ్యి ఇటివ్వు."

ఎనభై ఒక్కేళ్ళ ఎర్సీలియా ఆ ఊరి మంత్రసాని. అంటే ఒకప్పటి మంత్రసాని. రోకాస్పీనాలో ఆమె చేతుల మీద చివరి కాన్పు జరిగి ముప్పై ఏడేళ్ళయింది. ఆ చివరి పిల్లాడు ఇప్పుడు మిలాన్‌లో ట్రాము నడుపుతున్నాడు, బట్టతల కూడా వచ్చిందట. వాడి తర్వాత పుట్టిన కొద్దిమందీ కింద పట్నం ఆసుపత్రిలో పుట్టారు. వాళ్ళ కాగితాల్లో పుట్టిన ఊరుగా పట్నం పేరే పడింది. ఆ తర్వాత ఆ కొద్దిమంది కూడా లేకుండా పోయారు. నాలుగేళ్ళ కిందట, కాన్పులు చాలడం లేదని పట్నంలో ఆ వార్డుకే తాళం వేశారు. ఇప్పుడు బిడ్డను కనాలంటే సముద్రం ఒడ్డు దాకా పోవాలి. మంచు లేని రోజున గంటా పది నిమిషాలు.

ఊళ్ళో ఉన్నది తొంభై ఒక్క మంది. వాళ్ళలో నలభై దాటని ఆడమనిషి లోరెదానా ఒక్కతే. ముప్పై ఒకటి. మొగుడు మిర్కో కొండ మీద గాలిమరలు బాగుచేసే పని దొరికి మూడేళ్ళ కిందట తూరిన్ నుంచి వచ్చాడు, వెంట పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. ఆమె మూతబడ్డ కిరాణా కొట్టు తెరిచింది, అందులోనే ఓ మూల కాఫీ పోయడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఊరి కళ్ళన్నీ ఆ పిల్ల కడుపు మీదే. ఆమె నిమ్మకాయ కొరికితే సాయంత్రానికి ఊరంతా తెలిసేది. రెండు రోజులు కొట్టు ఆలస్యంగా తెరిస్తే మూడో రోజు ముసలమ్మలు పావు కిలో ఉప్పు కోసం వరుస కట్టేవాళ్ళు, మొహం చూసి పోవడానికి. ఇంకొకతైతే ఏనాడో తలుపు మొహాన వేసేది. లోరెదానా నవ్వేసి ఉప్పు తూచేది. నిజంగా నెల తప్పిన రోజున ఎర్సీలియాకే ముందు చెప్పింది, కన్నతల్లికి ఫోన్ చేయకముందే. ఆ సంగతి ఎర్సీలియా ఎవరికీ చెప్పలేదు, కానీ ఆ వారమంతా నడుము కాస్త నిటారుగా పెట్టుకుని నడిచింది.

అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నవాడు మేయరు ఒరెస్తె. యాభై ఏడేళ్ళ మనిషి, అతన్ని కూడా ఈ లోకంలోకి లాగింది ఎర్సీలియాయే. ఊరి జననాల పుస్తకం అతని దగ్గరుంటుంది. ఏటా జనవరిలో కొత్తది తెరవాలి, డిసెంబరు ఆఖర్న "ఈ సంవత్సరం ఊరిలో జననాలు లేవు" అని రాసి సంతకం పెట్టి మూసేయాలి. పదకొండేళ్ళుగా పదకొండు పుస్తకాలు అలా మూశాడు. ఒక్క పుస్తకంలో ఒక్క పేరు రాసి చచ్చిపోతానని తాగినప్పుడల్లా అనేవాడు. తాగనప్పుడు అనేవాడు కాదు గానీ మనసులో మాట అదే.

ఎర్సీలియా మనసులో మాట కూడా వేరే కాదు. ఇక్కడ పుట్టిన బిడ్డకి ఇక్కడ కాలు నిలుస్తుందని ఆమె నమ్మకం. ట్రాము నడుపుతున్నవాడి సంగతేమిటని ఎవరైనా అడిగితే వాడు మొదటి నుంచీ తిక్కవాడని చెప్పి తప్పించుకునేది. బిడ్డ రోకాస్పీనాలో పుడితే ఈ జంట ఇక్కడే ఉండిపోతుంది. ఒడ్డున పుడితే ఏదో ఒకనాడు ఒడ్డుకే పోతుంది. ఆమెకి అది కూడికలంత తేలికగా తోచేది.

కానీ డాక్టర్లు ముందే చెప్పారు. కాన్పుకి పది రోజుల ముందు కిందికి దిగిపోవాలి, ఆసుపత్రి పక్కన గది తీసుకోవాలి. గురువారం ప్రయాణం. పెట్టె సర్దుకున్నారు. ఊరు మూతి ముడుచుకుంది గానీ నోరెత్తి ఏమీ అనలేదు. నొప్పులు మాత్రం మంగళవారమే వచ్చేశాయి.

కౌంటరు దగ్గర కాఫీ తాగుతున్న ఒరెస్తె కప్పు వదిలేశాడు. మిర్కో ఆరింటికే గాలిమర ఎక్కాడు, ఆ ఇనుప గొట్టంలో ఫోను పలకదు. ఒరెస్తె, ఎర్సీలియా చెరో పక్కా పట్టుకుని లోరెదానాని మేడ మీద ఇంట్లోకి ఎక్కించారు.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యరా," అంది ఎర్సీలియా, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటూ.

"ఇప్పుడే చేస్తా పిన్నీ," అని ఒరెస్తె కిందికి పరుగెత్తాడు.

ముప్పై ఏడేళ్ళుగా పనిలేని చేతులవి. ఏదీ మరచిపోలేదు. గర్భద్వారం రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకుంది. నొప్పి పది నిమిషాలకోసారి. తొలి కాన్పు. ఎంత తొందరపడినా ఒంటిగంట లోపు అయ్యేది కాదు. ఇప్పుడే లేపి ఒరెస్తె జీపులో కూర్చోబెడితే, రోడ్డు మీద మంచు తీసేశారు కాబట్టి, పదకొండుకల్లా ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. ఇది ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది.

"టైముందా పిన్నీ?" లోరెదానా మోచేతుల మీద లేచింది. "ఒరెస్తె మామ జీపులో దిగిపోదామా? పెట్టె సర్దే ఉంది."

"లేదమ్మా," అంది ఎర్సీలియా. "దారిలోనే కనేస్తావు. ఇక కదలకూడదు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి కాసేపు తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకునే వీలుంది. "ఉండు, ఇంకోసారి చూస్తా" అంటే చాలు. అనలేదు. లోరెదానా బుద్ధిగా వెనక్కి వాలింది. "నువ్వున్నావుగా," అని ఆమె చెయ్యి పట్టుకుంది.

గది బయట ఒరెస్తె చెవి తలుపుకి ఆనించి నిలబడి ఉన్నాడు.

"నిజంగానే ఇప్పుడే అయిపోతుందా పిన్నీ?"

"ఎక్కడి ఇప్పుడు. ఒంటిగంటవుతుంది. లోపల మాత్రం అనకు." ఆమె గొంతు తగ్గించింది. "ఫోన్ చేశావా?"

"చేశా. బయల్దేరారట." చెప్పేటప్పుడు అతను బూట్ల వంక చూసుకున్నాడు. పుట్టిన దగ్గర నుంచీ పిరికివాడు, కంగారు పడుతున్నాడనుకుంది ఎర్సీలియా.

ఆమె లెక్క ఆమెకుంది. అంబులెన్సు పైకి వచ్చేసరికి పదకొండు. అప్పటికి నొప్పులు ముదిరి ఉంటాయి, ఇక కదపడానికి వీల్లేదని వాళ్ళే అంటారు. డాక్టరుంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, సూదులుంటాయి. బిడ్డ మటుకు ఇక్కడే పుడుతుంది. ఎవరికీ నష్టం లేదు. అంత చక్కగా ఆలోచించుకున్నందుకు తనను తాను మెచ్చుకుంది కూడా.

పదకొండుకల్లా మెట్ల మీద ఊరి ముసలమ్మలంతా చేరారు. ఎందుకో ఎవరికీ తెలియదు గానీ తొమ్మిది గిన్నెల వేడినీళ్ళు తెచ్చారు. కోడి పులుసు తెచ్చారు, నలభై ఏళ్ళ నాటి చంటిపిల్లల గుడ్డలు తెచ్చారు, ఒకావిడ కుర్చీ కూడా తెచ్చుకుంది. చర్చి గంట మోగించే ప్రాస్సెదె అందరికంటే ముందు మెట్టు మీద కూర్చుంది. మొగుడు పోయాక గంట తాడు ఆమె చేతికొచ్చింది. ఆవిడకీ డెబ్భై తొమ్మిది.

"లోపల ఏం జరుగుతోందే?" అంది కుర్చీ ఆవిడ.

"నీకెందుకు, నువ్వు కంటున్నావా?" అంది ప్రాస్సెదె.

"నేను నలుగుర్ని కన్నాను. నలుగురూ పోయారు జర్మనీకి."

"అందుకే నిన్ను లోపలికి రానివ్వలేదు. ఆ గాలి సోకుతుంది."

నవ్వులు లోపలికి వినబడ్డాయి. లోరెదానా కూడా నొప్పికీ నొప్పికీ మధ్య నవ్వింది. ఎర్సీలియా మాత్రం కిటికీ వైపు చెవి పెట్టుకునే ఉంది. పదకొండున్నర దాటింది. పావుతక్కువ పన్నెండయింది. లోయలోంచి సైరను చప్పుడు రాలేదు. మంచు తీసిన రోడ్డు నల్లగా, ఖాళీగా కనిపిస్తోంది.

పన్నెండుకి నొప్పులు ఒక్కసారిగా ముంచుకొచ్చాయి. ఎర్సీలియా లెక్క అక్కడ తప్పింది. ఈ పిల్ల గట్టిది, శరీరం వేగంగా తెరుచుకుంది. పన్నెండుంబావుకి తల కనబడింది. నొప్పి వచ్చినప్పుడల్లా ముందుకొచ్చిన తల, నొప్పి తగ్గగానే గుంజినట్టు వెనక్కి పోతోంది. ఏదో పట్టుకుని ఉంది లోపల.

ఆమె తలుపు దగ్గరికి వచ్చి కేకేసింది. "ఒరెస్తె! బండేదిరా?"

ఒరెస్తె గడపలో నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"వస్తోంది పిన్నీ. ఇప్పుడే చేశా."

"ఇప్పుడేమిట్రా? పొద్దున చేశానన్నావు."

"నువ్వు ఒంటిగంట అన్నావుగా." అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "పొద్దున్నే చేస్తే పదిన్నరకల్లా వచ్చి ఎక్కించుకుని పోతారు. అందుకని... పన్నెండు దాటాక చేద్దామని... పన్నెండు పదికి చేశా."

ఎర్సీలియాకి అంతా అర్థమైంది. పొద్దున తను సగం గొయ్యి తవ్వి, మిగతా సగం ఎవరూ తవ్వరులే అనుకుంది. వీడు చడీ చప్పుడు లేకుండా మిగతా సగం తవ్వాడు. అందులో ఇప్పుడు ఆ పిల్ల పడుకుని ఉంది. వాడు తన మీద భరోసా పెట్టుకున్నాడు, తను వాడి మీద. మధ్యలో డాక్టరు లేదు, ఆక్సిజన్ లేదు, తొమ్మిది గిన్నెల వేడినీళ్ళున్నాయి.

"పిన్నీ," లోపలి నుంచి లోరెదానా. "ఏమిటి? ఏమైంది?"

"ఏం లేదమ్మా. నెట్టు. ఇప్పుడు గట్టిగా నెట్టు."

పన్నెండు ఇరవై ఐదుకి బిడ్డ బయటికొచ్చింది. ఆడపిల్ల. బొడ్డుపేగు మెడకి రెండు చుట్లు. ఒళ్ళంతా నేరేడుపండు రంగు, చేతులు రెండూ వేలాడిపోతున్నాయి. చప్పుడు లేదు.

ఎర్సీలియా వేళ్ళు ఆమెకంటే ముందు కదిలాయి. రెండు చుట్లూ విప్పింది, పేగు కట్టి కోసింది, గుడ్డ చుట్టిన చిటికెనవేలితో నోరు తుడిచింది. బొంత మీద పెట్టి ముతక ఉన్నితో వీపు రుద్దింది. ఆ చిన్న నోరూ ముక్కూ కలిపి తన నోటితో మూసి ఊదింది. ఆ కొండల్లో పాతకాలపు మంత్రసానులకి గడియారం ఉండేది కాదు. మరియమ్మకి చెప్పుకునే చిన్న ప్రార్థన, మంగళవార్త జపంతో లెక్కపెట్టేవాళ్ళు. రెండు జపాలు పూర్తయ్యేలోపు బిడ్డ ఊపిరి తీయకపోతే, ఏమీ మాట్లాడకుండా మొహం మీద గుడ్డ కప్పేయడం పద్ధతి. ఎర్సీలియా మొదటి జపం చెప్పింది. రెండోది చెప్పింది. మూడోది మొదలుపెట్టింది. నేను చంపాను, అనుకుంది జపం మధ్యలో. నా నోటితో చంపి ఇప్పుడు అదే నోటితో ఊదుతున్నాను. నాలుగోది మొదలుపెట్టింది.

"ఎందుకు ఏడవట్లేదు?" అంది లోరెదానా. "పిన్నీ, నా బిడ్డ ఎందుకు ఏడవట్లేదు?"

నాలుగో జపం సగంలో బిడ్డ దగ్గింది. తర్వాత పిల్లికూన గొంతుతో ఏడ్చింది. రంగు నుదుటి మీద మొదలై కిందికి దిగింది, ఎరుపు. ఎర్సీలియా మోకాళ్ళ మీద కూలబడి, బిడ్డను తల్లి రొమ్ము మీద పెట్టి, మంచం అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మెట్ల మీద ఏడుపు వినబడగానే ప్రాస్సెదె లేచింది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి రెండేసి మెట్లు దిగి చర్చికి పరుగెత్తింది. ఆడపిల్లా మగపిల్లాడా అని దారిలోంచి అరిచి కనుక్కుంది. ఇంకో నిమిషానికి గంట మోగింది.

రెండు దెబ్బలు. ఆగింది. రెండు దెబ్బలు. ఆగింది. మళ్ళీ రెండు.

మెట్ల మీద మాటలు ఆగిపోయాయి. వీధిలో ఉన్న మగవాళ్ళు టోపీలు తీసేశారు. రోకాస్పీనాలో మగవాళ్ళు పోతే మూడేసి దెబ్బలు, ఆడవాళ్ళు పోతే రెండేసి. ఏడాదికి ఐదారు సార్లు వింటారు, పొరబడే ప్రసక్తి లేదు. కుర్చీ ఆవిడ సిలువ గుర్తు వేసుకుంది. "తల్లి పోయింది," అంది ఎవరో. "బిడ్డను ఇచ్చి తల్లి పోయింది." మెట్ల మీద ముసలమ్మలు గొల్లుమన్నారు. ఆ ఏడుపు ఇంటిముందు నుంచి వీధిలోకి పాకింది.

మంచం మీద లోరెదానా తల తిప్పింది. మొహం తెల్లగా, పెదవులు పగిలి ఉన్నాయి.

"పిన్నీ, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదమ్మా. నీకు కూతురు పుట్టిందని మోగిస్తున్నారు."

"అది పోయినవాళ్ళ గంట కదా."

పుట్టినప్పుడు గంట ఆపకుండా గబగబా మోగించాలి. ప్రాస్సెదెకి అది తెలియక కాదు. ఆడపిల్ల అన్న మాట చెవిన పడగానే, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే చేతులు చేసుకుపోయాయి. కిందనుంచి ఎవరో అరిచాక గానీ తను ఏం మోగిస్తోందో ఆమెకి తెలియలేదు. తెలిశాక తాడు వదిలేసి నేల మీద కూర్చుండిపోయింది.

కొండ మీద గాలిమర లోంచి అప్పుడే కిందికి దిగి చేతులు తుడుచుకుంటున్న మిర్కో ఆ ఆరు దెబ్బలూ విన్నాడు. ఫోను తీశాడు. కొట్టు నుంచి ఏడుసార్లు వచ్చిన పిలుపు కనబడింది. బండి తోలాడు, రెండో మలుపులో అది మంచులోకి జారిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి మిగతా దూరం పరుగెత్తాడు. ఇంటి ముందుకొచ్చేసరికి ముసలమ్మలు ఏడుస్తున్నారు, మగవాళ్ళు టోపీలు చేతుల్లో పట్టుకుని దారి ఇస్తున్నారు. అప్పటికి సగం మందికి అసలు సంగతి తెలిసింది గానీ, అతని మొహం చూసి ఎవరికీ నోరు పెగల్లేదు.

గదిలోకి వచ్చి, పెళ్ళాం కళ్ళు తెరిచి తన వైపే చూస్తుండటం చూసి, అతను గోడకి ఆనుకుని కిందికి జారాడు. నోట్లోంచి వచ్చిన శబ్దం నవ్వో ఏడుపో ఎర్సీలియాకి అర్థం కాలేదు. తన జీవితంలో వందల మంది తండ్రుల్ని చూసింది. అలాంటి మొహం చూడలేదు. ఆ మొహం పెట్టించింది తనే.

ఒంటిగంటకి అంబులెన్సు వచ్చింది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. బిడ్డను తిప్పి తిప్పి చూసింది, గొట్టం పెట్టి వింది, మెడ మీద ఎర్రటి చారలు చూసింది.

"ఎంతసేపు ఊపిరి తీయలేదు?"

"మూడున్నర జపాలు," అంది ఎర్సీలియా.

డాక్టరుకి అర్థం కాలేదు. "నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?"

"తొమ్మిదిన్నరకి," అంది లోరెదానా. "అప్పుడే మీకు ఫోన్ చేశాం. ఎందుకింత ఆలస్యమైంది?"

"మాకు ఫోన్ వచ్చింది పన్నెండు పదికమ్మా. యాభై నిమిషాల్లో వచ్చాం." డాక్టరు గదిలో ఉన్నవాళ్ళందరి వంకా చూసింది. "పొద్దున్నే చేసి ఉంటే మధ్యాహ్నానికి ఆపరేషన్ గదిలో ఉండేవాళ్ళు. ఈ ముసలావిడ ఒక్క నిమిషం ముందు చేతులెత్తేసి ఉంటే, నేను రాసే కాగితం వేరే ఉండేది."

మిర్కో లేచాడు. ఎవరు చేశారు ఫోను, అని అడిగాడు. గొంతు పెంచలేదు. ఒరెస్తె ముందుకొచ్చాడు.

"నేను. తప్పు నాదే. పొద్దున చేయలేదు, చేశానని చెప్పా. బిడ్డ ఇక్కడ పుట్టాలని, పుస్తకంలో రాయాలని. పిన్నికేం తెలీదు. ఆమె నన్ను నమ్మింది."

మిర్కో అతని చొక్కా పట్టుకుని గోడకి నొక్కాడు. కొడతాడనుకున్నారు. కొట్టలేదు. వదిలేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఎర్సీలియా మంచం పక్కన నిలబడే ఉంది. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది. లోరెదానాని స్ట్రెచరు మీదికి ఎక్కిస్తున్నారు. ఆ పిల్ల ఆమె చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. "నువ్వు లేకపోతే నా బిడ్డ లేదు పిన్నీ," అంది. ఎర్సీలియా నోరు మూసుకుంది. ఆ ముద్దు చేతి మీద కాలిన చోటులా ఉండిపోయింది.

ఎనిమిది రోజులకి తల్లీబిడ్డలు తిరిగొచ్చారు. బిడ్డకి ఏ లోటూ లేదని డాక్టర్లు రాసిచ్చారు. ఒత్తావియా అని పేరు పెట్టారు. మిర్కో పంచాయతీ ఆఫీసుకి పోయి జననం రాయించాడు. ఒరెస్తె ఒక్కో అక్షరం దిద్దుకుంటూ రాశాడట. పుట్టిన ఊరు, రోకాస్పీనా. రాసి తలెత్తితే మిర్కో ఎదురుగా లేడు, అప్పటికే మెట్లు దిగిపోయాడు. ఆ సాయంత్రం ఊరు మందు పోసుకుందామనుకుంది గానీ ఎవరూ సీసా మూత తీయలేదు. మర్నాడు మిర్కో పట్నం నుంచి అట్టపెట్టెలు తెచ్చాడు. ఊరంతా కిటికీల్లోంచి చూసింది.

ఆ మధ్యాహ్నం లోరెదానా ఎర్సీలియాని పిలిపించింది.

వంటగదిలో పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పుస్తకాలు సర్దారు, శీతాకాలం బట్టలు సర్దారు. గిన్నెలు మాత్రం ఇంకా అల్మారాలోనే ఉన్నాయి, గోడ మీద గడియారం ఉంది. అంటే ఇంకా తేలలేదు. ఎర్సీలియా ప్రాణం కాస్త లేచొచ్చింది. ఒత్తావియా తల్లి భుజం మీద నిద్రపోతోంది. మెడ మీద చారలు పోయాయి.

"మిర్కో వెళ్ళిపోదామంటున్నాడు," అంది లోరెదానా. "మా అమ్మ కూడా రమ్మంటోంది. నాకు మాత్రం... కూర్చో పిన్నీ."

ఎర్సీలియా కూర్చోలేదు.

"ఒరెస్తె మామ సంగతి వదిలెయ్. ఆయన మేయరు, ఆయనకి కాగితమే లోకం. ఆయన్ని క్షమించగలను అనుకుంటా, ఎప్పటికైనా. ఒక్క మాట నిన్ను అడగాలి. ఆసుపత్రిలో పడుకుని రోజూ అదే ఆలోచించా. ఆ పొద్దున నువ్వు చూసినప్పుడు, వెళ్ళే టైముందా?"

లేదమ్మా. ఒక్కటే మాట. ఒకసారి చెప్పిందే, నోటికి తెలిసిందే. ఒరెస్తె భారమంతా తన నెత్తిన వేసుకున్నాడు, ఎవరికీ అనుమానం లేదు. ఈ ఒక్క మాట చెబితే గిన్నెలు అల్మారాలోనే ఉంటాయి. కొట్టు తెరుచుకుంటుంది. ఈ బిడ్డ ఈ వీధిలో నడక నేర్చుకుంటుంది, ఊళ్ళో ప్రతి ముసలమ్మ మోకాలూ పట్టుకుని నిలబడుతుంది. ఎర్సీలియాకి అదంతా కళ్ళ ముందు కనిపించింది. బిడ్డ నిద్రలో నోరు తెరిచి, ఊపిరి పీల్చి, మళ్ళీ మూసింది.

"ఉంది," అంది ఎర్సీలియా. "మూడు గంటలుంది. జీపులో పోయి ఉంటే పదకొండుకల్లా చేరేవాళ్ళం. నాకు తెలుసు. తెలిసే లేదన్నా."

లోరెదానా బిడ్డను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

"ఎందుకు?"

"ఇక్కడ కంటావని. కంటే ఇక్కడే ఉంటావని."

"అంతేనా?"

"అంతే."

బిడ్డ కదిలింది, ముక్కుతూ మొహం చిట్లించింది. అలవాటుగా ఎర్సీలియా చేతులు చాచింది. లోరెదానా ఒక అడుగు వెనక్కి వేసి బిడ్డను అవతలి భుజం మీదికి మార్చుకుంది. ఎర్సీలియా చేతులు కాసేపు గాల్లోనే ఉండి కిందికి వచ్చాయి.

"పొద్దున మిర్కోతో పందెం కాసినట్టు చెప్పా," అంది లోరెదానా, బిడ్డ వీపు నిమురుతూ. "పిన్ని టైము లేదని చెబితే పెట్టెలు విప్పేద్దామన్నా. నువ్వు అబద్ధం చెప్పినా సరే, మళ్ళీ అడక్కుండా నమ్మేద్దామని కూర్చున్నా. నాకు ఇక్కడ ఉండాలని ఉంది పిన్నీ. ఎందుకు చెప్పావు?"

ఎర్సీలియా తలుపు వైపు తిరిగింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

కింద చివరి మెట్టు మీద ఒరెస్తె కూర్చుని ఉన్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఆమె అడుగుల చప్పుడుకి గబుక్కున లేచాడు.

"ఏమంది? ఉంటారా?"

"టైముందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

ఎర్సీలియా అతని వంక చూసింది. అతనికి అర్థమైంది. మళ్ళీ మెట్టు మీద కూలబడ్డాడు.

"లేదనేస్తే పోయేది కదా పిన్నీ," అన్నాడు ఏడుపు గొంతుతో. "అంతా నేను మోశాను కదా. ఒక్క మాట. ఒక్క మాట అనేస్తే పోయేది."

"ఆ పిల్ల మొహం చూసి రెండోసారి నోరు రాలేదురా," అంది ఎర్సీలియా.

పైన వంటగదిలో అల్మారా తెరిచిన చప్పుడైంది. తర్వాత గిన్నెలు ఒక్కొక్కటే కాగితంలో చుడుతున్న చప్పుడు. ఇద్దరూ అక్కడే ఉండి, అయిపోయేదాకా విన్నారు.